400 కిలోమీటర్ల నడక ఫార్వర్డ్ చేశారు సరే, 1730 నాటి అర్జీ కూడా చదవండి

పోస్టు పెద్దదే. మెస్ లైన్లో నిలబడి అయినా సరే చివరిదాకా చదవండి. సగం చదివి కామెంట్ పెడితే నేను రిప్లై ఇవ్వను, ముందే చెప్తున్నా.

పోయిన వారం మన గ్రూపులో ఒక మోటివేషన్ పోస్టు తిరిగింది. బాక్ అని ఒక జర్మనీ సంగీతకారుడు. అమ్మానాన్న లేని అనాథ. ఇంకో పెద్దాయన ఆర్గాన్ వాయిస్తుంటే వినాలని 400 కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. మీరేమో బస్ పాస్ రాలేదు, మెస్ బిల్లు రాలేదు అని ఏడుస్తారు. టాలెంట్, కసి ఉంటే చాలు. ఇదీ దాని సారాంశం. దాని కిందే మన సీనియర్ అన్న ఒకరు ప్రతిపాదన పెట్టారు. ఈ ఏడాది సంఘం ఫండ్‌తో అందరికీ పుస్తకాలు కొనడం ఆపేద్దాం, స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి మొదటి ఇరవై మందికే కోచింగ్ ఫీజు కడదాం, పనికొచ్చేవాళ్ళ మీదే డబ్బు పెడదాం అని. చాలామంది చప్పట్లు కొట్టారు.

ఆ అన్న మీద నాకు గౌరవం ఉంది. మాలో సగం మందికి స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టింది ఆయనే. కానీ ఈ మాట మాత్రం తప్పు. దాన్ని నిలబెట్టడానికి ఆ బాక్‌ని తెచ్చుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఎందుకంటే ఆ మనిషి బతుకంతా హాస్టల్ సీటుతో మొదలై హాస్టల్లోనే అయిపోయింది. మా కాలేజీ లైబ్రరీలో ఆయన మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివా. ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఒక్క పేజీ చదివినా ఆ పోస్టు అలా పెట్టేవాళ్ళు కాదు.

మొదటి నుంచి చెప్తా. యోహాన్ సెబాస్టియన్ బాక్ 1685లో ఐసెనాక్ అనే ఊళ్ళో పుట్టాడు. 1694లో తల్లి పోయింది, మరుసటి ఏడాది తండ్రి పోయాడు. పిల్లాడికి పదేళ్ళు కూడా నిండలేదు. పెద్దన్న ఓర్డ్రుఫ్ అనే ఊరి చర్చిలో ఆర్గానిస్టు, తమ్ముణ్ణి తెచ్చుకుని సాకాడు. అయితే 1700లో ఆ పిల్లాడు అక్కడి బడి మానేయాల్సి వచ్చింది. ఎందుకు మానేశాడో బడి రిజిస్టర్‌లోనే రాసి ఉంది: తిండికి, ఉండడానికి ఉచిత ఆసరా లేక. మార్కులు తక్కువై కాదు, కసి లేక కాదు. అన్నం లేక. మన డ్రాపౌట్ల లెక్కల్లో కారణం గడి ఉంటుంది కదా, అందులో ఇంత నిజం ఎవరైనా రాస్తారా?

అప్పుడు ఎర్డ్‌మాన్ అనే తోటి పిల్లాడితో కలిసి ఉత్తరాన మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ల్యూనెబుర్గ్ వెళ్ళాడు. అక్కడ సెయింట్ మైకేల్ బడిలో గొంతు బాగున్న పేదపిల్లల్ని క్వయర్‌లోకి తీసుకుని, తిండి, పడక, చదువు, చేతికి కొంచెం చిల్లర ఇచ్చేవాళ్ళు. అంటే ఏంటి? హాస్టల్ సీటు! ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. వెళ్ళిన కొన్నాళ్ళకే ఆయన గొంతు మారింది. మగపిల్లల సన్నగొంతు పోయింది. ఏ గొంతు చూసి సీటిచ్చారో ఆ గొంతే లేదు. సీటు పోయిందా? పోలేదు. 1702 దాకా అక్కడే ఉండి చదువు ముగించాడు. మన స్క్రీనింగ్ అన్నలు అప్పుడు ల్యూనెబుర్గ్‌లో ఉండి ఉంటే "తమ్ముడూ, నీ పెర్ఫార్మెన్స్ పడిపోయింది, రూం ఖాళీ చెయ్" అనేవాళ్ళు. ఈరోజు ఫార్వర్డ్ చేసుకోవడానికి బాకే ఉండేవాడు కాదు.

ఇప్పుడు ఆ నడక గురించి. 1705లో నడిచిన మాట నిజమే. ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్ దాకా, బుక్స్‌టెహూడె అనే పెద్ద ఆర్గానిస్టు దగ్గరికి. అప్పటికి ఆయన వయసు ఇరవై, అంటే నా వయసే. కానీ నడిచేటప్పటికి ఆయన చేతిలో ఉద్యోగం ఉంది. 1703 నుంచి ఆర్న్‌స్టాట్‌లో కొత్త చర్చికి ఆర్గానిస్టు. జీతం ఆ వయసుకి మంచి జీతమే. కొంత చర్చి నుంచి, కొంత ఊరి బీరు పన్ను నుంచి, కొంత ఆసుపత్రి నిధి నుంచి వచ్చేది. తను లేనప్పుడు వాయించడానికి చుట్టాన్ని పెట్టి వెళ్ళాడు. నాలుగు వారాలు సెలవడిగి సుమారు నాలుగు నెలలు రాలేదు. తిరిగొచ్చాక చర్చి పెద్దలు పిలిచి గట్టిగా మందలించారు. ఉద్యోగం మాత్రం తీయలేదు. మన దగ్గర నాలుగు రోజులు హాస్టల్‌కి రాకపోతే బయోమెట్రిక్‌లో పేరు ఎర్రగా అయిపోతుంది, అమ్మ చచ్చిపోయిందా అని అడుగుతారు. కడుపు నిండినవాడు, వెనక జీతం ఉన్నవాడు నేర్చుకోవడానికి నడిచిన నడక అది. బస్సు చార్జీ లేక నడిచే పిల్లకి దాన్ని చూపించి సిగ్గు తెచ్చుకోమనడం ఏం న్యాయం?

ఆర్గాన్ అంటే మన ఊరి చర్చిల్లో ఉండే కీబోర్డు అనుకోకండి. గోడంత ఎత్తుంటుంది, వందలు వేల గొట్టాలు. చేతులతో, కాళ్ళతో కూడా వాయించాలి. కరెంటు లేని కాలం కదా, గొట్టాల్లోకి గాలి వెళ్ళాలంటే వెనక మనుషులు తిత్తులు తొక్కుతూనే ఉండాలి. వాళ్ళు ఆపితే బాక్ ఎంత వాయించినా చప్పుడు రాదు. వాళ్ళ పేర్లు ఏ మోటివేషన్ పోస్టులోనూ ఉండవు.

తర్వాతి ఉద్యోగాలు గబగబా చెప్పేస్తా. 1707లో మ్యూల్‌హౌసెన్, 1708లో వైమర్ దొర దగ్గర ఆర్గానిస్టు. 1717లో వేరే కొలువు దొరికి, నన్ను వదిలేయండని పట్టుబడితే ఆ దొర దాదాపు నాలుగు వారాలు జైల్లో పెట్టించి, తర్వాత పంపేశాడు. అక్కడి నుంచి కోథెన్. 1723లో లైప్జిగ్‌లో కాంటర్ అయ్యాడు. కాంటర్ అంటే ఊరి పెద్ద చర్చిల సంగీతమంతా చూసుకుంటూ, బడిపిల్లలకి పాట నేర్పి క్వయర్ నడిపించే మాస్టారు. అక్కడ ఆర్గాన్ వాయించడానికి వేరే మనుషులున్నారు, ఈయన పని పిల్లలతో పాడించడం. ఆ ఉద్యోగానికి ఊరి కౌన్సిల్ మొదట కోరుకుంది టెలెమాన్‌ని, తర్వాత గ్రౌప్నర్‌ని. ఇద్దరూ రాకపోతేనే బాక్. ఈయన యూనివర్సిటీ మెట్లెక్కలేదు. కాంటర్ లాటిన్ పాఠం కూడా చెప్పాలని రూలుంటే, తన జేబులోంచి ఏడాదికి 50 థాలర్లు ఇచ్చి ఇంకో మాస్టారితో చెప్పించాడు. కొడుకుల్ని మాత్రం యూనివర్సిటీకి పంపాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చిన మనకి ఈ ముక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికొస్తా. లైప్జిగ్ సెయింట్ థామస్ బడి అంటే ఏమిటి? యాభై మందికి కొంచెం పైన పేదపిల్లలు ఉండి చదువుకునే ఉచిత హాస్టల్. కాంటర్ కాపురం కూడా అదే బిల్డింగులో. నాలుగు వారాల్లో ఒక వారం వార్డెన్ డ్యూటీ ఆయనదే. ఎండాకాలం పొద్దున అయిదింటికి, చలికాలం ఆరింటికి పిల్లల్ని లేపాలి, ప్రార్థన, భోజనం దగ్గర ఉండి చూడాలి. గదులు చాలవు. చివరికి 1731-32లో బిల్డింగు మీద రెండంతస్తులు లేపాల్సొచ్చింది. పిల్లలు ఊరికే తినలేదు. ఆదివారం నాలుగు చర్చిల్లో పాడాలి. పెళ్ళిళ్ళకి, శవాల వెంట పాడాలి. చలికాలంలో వీధివీధి తిరిగి పాడి డబ్బులు తేవాలి. ఆ డబ్బుల్లో మాస్టార్లకీ వాటా. మాథ్యూ ప్యాషన్ అని ప్రపంచం తలమీద పెట్టుకునే పాట 1727లో మొదట ఈ హాస్టల్ పిల్లల గొంతుల్లోంచే బయటికొచ్చింది. ఇప్పుడు దాన్ని పెద్ద పెద్ద హాళ్ళలో టికెట్టు కొనుక్కుని వింటున్నారు.

1730 ఆగస్టు 23న బాక్ ఊరి కౌన్సిల్‌కి ఒక పొడుగాటి అర్జీ రాశాడు. చర్చి సంగీతం సరిగా జరగాలంటే ఏమేం కావాలో లెక్క వేసి చెప్పాడు. ఒక్కో పెద్ద క్వయర్‌కి కనీసం 12 మంది గాయకులు కావాలి, జబ్బుల రోజుల్లో ఒకరిద్దరు పడిపోయినా పాట ఆగకూడదు. వాద్యాలు వాయించేవాళ్ళు పద్దెనిమిది, ఇరవై మంది కావాలి. కౌన్సిల్ జీతమిస్తున్నది ఎనిమిది మందికి. మిగతా వాద్యాలకి పాడే పిల్లల్నే లాగితే పాడేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇంతకుముందు కాలేజీ విద్యార్థులు వచ్చి సాయం చేసేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళకి కౌన్సిల్ చిన్న స్టైపెండ్ ఇచ్చేది. అది ఆపేశారు, వాళ్ళు రావడం మానేశారు. ఊరికే ఎవరొస్తారు? డ్రెస్డెన్‌లో సంగీతకారులకి పొట్టగడవడం గురించి బెంగ లేదు, అందుకే బాగా వాయిస్తారు అని కూడా రాశాడు. స్టైపెండ్ ఆపితే ఏమవుతుందో దాదాపు మూడొందల ఏళ్ళ కింద ఒక హాస్టల్ మాస్టారు పై ఆఫీసుకి రాసిన కాయితం ఇది. ఫార్వర్డ్ చేస్తే దీన్ని చెయ్యాలి.

ఆ అర్జీ చివర్లో పిల్లల జాబితా ఉంది. పేర్లు రాసి మూడు వరసలు పెట్టాడు. పనికొచ్చేవాళ్ళు 17 మంది. ఇంకా పనికిరానివాళ్ళు, అంటే నేర్చుకుంటే రావచ్చు, 20 మంది. అసలు పనికిరానివాళ్ళు 17 మంది. మొత్తం 54.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. "పనికొచ్చేవాళ్ళ మీదే డబ్బు పెడదాం" అన్న మాట, ఈ జాబితా, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సీనియర్ అన్న రేపు "చూశారా, బాక్ కూడా స్క్రీనింగ్ పెట్టాడు" అనొచ్చు. అనకముందే జవాబు చెప్తున్నా.

ఆ మూడో వరస పిల్లల్ని కూర్చోబెట్టి ఉచితంగా మేపలేదు. నాలుగో చర్చికి, అంటే సెయింట్ పీటర్స్‌కి, సంగీతం తెలియని, ఏదో కీర్తన మాత్రం ఎత్తుకోగలిగే మిగతావాళ్ళు వెళ్తారని అదే అర్జీలో ఉంది. అంటే పనికిరారని రాసిన పిల్లల్తోనే ఒక చర్చి ఆదివారం గడుస్తోంది. పనికిరానివాడితో పని చేయించుకుంటూ పనికిరావని రాయడం మనకి కొత్తా? మనవాళ్ళని ఎన్ని ఆఫీసుల్లో అలా రాశారు! ఇంకొకటి. పిల్లలెందుకు నేర్చుకోలేకపోయారో కారణం ఆయన అర్జీలోనే ఉంది. నేర్పేదానికి, సాయానికి మనుషుల్లేరు, మనుషులకివ్వడానికి డబ్బు ఆపేశారు. తప్పు కౌన్సిల్‌ది, పేరు ఎక్కింది పిల్లాడిది.

ఇంకో మాట నేను బాక్‌తోనే గొడవ పెట్టుకుని అంటున్నా. పాట రాని పిల్లల్ని బడిలోకి తీసుకుంటున్నారని ఆయన కంప్లైంట్. నేను ఒప్పుకోను. అది పేదపిల్లల కోసం పెట్టిన బడి. గొంతు బాగోలేని పేదపిల్లాడికి ఆకలి వెయ్యదా? గొంతు పోయినా ల్యూనెబుర్గ్‌లో తనకి అన్నం పెట్టారు కదా. ఆ సంగతి కాంటర్ కుర్చీలో కూర్చున్నాక గుర్తు రాలేదు. మనలో చదువుకుని పైకెళ్ళినవాళ్ళకి కూడా సరిగ్గా ఇక్కడే మతిమరుపు వస్తుంది, నన్ను తిట్టినా సరే.

ఆయనేమీ చెడ్డవాడు కాదు. ఆయన్నీ నలిపారు. ఆ అర్జీకి కొద్ది రోజుల ముందే కౌన్సిల్ మీటింగులో ఈ కాంటర్ పనే చెయ్యడు, చెప్పినా వినడు, రాబడి తగ్గిద్దామని మాట్లాడుకున్నారు. రెండు నెలల తర్వాత, 1730 అక్టోబరులో ఆయన ఒక ఉత్తరం రాశాడు. ఎవరికో తెలుసా? చిన్నప్పుడు ల్యూనెబుర్గ్‌కి తోడొచ్చిన ఆ ఎర్డ్‌మాన్‌కే. అతను అప్పటికి డాంజిగ్‌లో రష్యా తరఫున పెద్ద ఉద్యోగి. నాకు అక్కడేదైనా పని చూడు అని అడిగాడు. తన రాబడి 700 థాలర్ల దాకా ఉంటుందట, కానీ అది ఊళ్ళో ఎంతమంది చచ్చిపోతారన్న దాని మీద ఆధారపడిందట. గాలి బాగుంటే శవాలు తగ్గుతాయి, పోయిన ఏడాది అలా వందకి పైగా థాలర్లు పోయాయని రాశాడు. చదివితే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ప్రపంచమంతా జీనియస్ అనే మనిషి శవాల లెక్క చూసుకుని ఇల్లు గడుపుకున్నాడు. టాలెంట్ ఉంటే చాలట!

1736లో ఇంకో గొడవ. ఎర్నెస్టి అనే కొత్త రెక్టరుకీ బాక్‌కీ, క్వయర్ లీడర్‌గా ఎవరు పిల్లాణ్ణి పెట్టాలన్న దాని మీద. రెక్టర్ పెట్టిన పిల్లాణ్ణి బాక్ ఆరాధన మధ్యలోనే క్వయర్ మేడ మీద నుంచి తరిమేశాడు. బాక్ మాట విన్న పిల్లల్ని శిక్షిస్తానని రెక్టర్ బెదిరించాడు. ఇద్దరు పెద్దవాళ్ళూ అర్జీ మీద అర్జీ రాసుకున్నారు. మధ్యలో నిలబడ్డ పిల్లలు ఎటు తిరగాలి? వార్డెన్‌కీ ప్రిన్సిపాల్‌కీ పడకపోతే మన గతి ఏంటో గుర్తు తెచ్చుకోండి.

ఆ క్వయర్లో ఆడపిల్లలు లేరు, ఇది కూడా చెప్పాలి. బాక్ రెండో భార్య అన్నా మాగ్డలేనా కోథెన్ దర్బారులో జీతం తీసుకున్న గాయని. లైప్జిగ్ చర్చిల్లో ఆడవాళ్ళు పాడకూడదు కాబట్టి మొగుడు రాసిన పాటల్ని అందంగా తిరగరాస్తూ, పిల్లల్ని కంటూ ఉండిపోయింది. 1749లో బాక్ బతికుండగానే ఆ ఉద్యోగానికి ఇంకో మనిషిని పిలిచి పరీక్ష పెట్టి చూశారు. 1750 జులైలో బాక్ పోయాడు. ఆమె 1760లో ధర్మం సొమ్ము మీద బతుకుతూ చచ్చిపోయింది. మోటివేషన్ పోస్టు ఇక్కడిదాకా ఎందుకు రాదు?

ఇక మన ఫండ్. ఇంటర్ మొదటి ఏడాదిలో ఏ స్క్రీనింగ్ పెట్టినా నేను మూడో వరసలోనే ఉండేదాన్ని. మా ఊరి బడిలో రెండేళ్ళు లెక్కల సార్ పోస్టు ఖాళీ. మైదానం పిల్లలు ఏడో క్లాసులో చేసినవి నేను హాస్టల్‌కొచ్చి నేర్చుకున్నా. నేర్పింది మా రూం అక్క. ఆమెకీ అప్పటికి ర్యాంకులేమీ లేవు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడానికి ఆమె ఆ గదిలో ఉంది, అంతే. మొదటి ఇరవై మందిని వేరుచేసి పట్నంలో వేరే రూంలో పెడితే, ఇక్కడ మిగిలినవాళ్ళకి చెప్పేదెవరు? మా కోయ ఊళ్ళో రేల పాటకి వరస కట్టినప్పుడు అడుగు తప్పేదాన్ని ఎవరూ బయటికి పంపరు. చెయ్యి పట్టుకుని మధ్యలో పెట్టుకుంటారు, మూడో రాత్రికి అడుగు పడుతుంది. చదువుకీ పాటకీ తేడా ఉంది, ఒప్పుకుంటా. కానీ నేర్చుకునే తీరులో అంత తేడా లేదు.

డబ్బు తక్కువుంది కాబట్టి ఎవరో ఒకర్ని ఎంచుకోక తప్పదు అంటారు. డబ్బు ఎందుకు తక్కువుందో ఆ వాక్యం ముందు పూర్తి చెయ్యండి. మా హాస్టల్లో స్కాలర్‌షిప్ పెండింగ్. మెస్ చార్జీలు ధరలతో పాటు పెరగలేదు. దాని మీద సంఘం తరఫున ఈ ఏడాది ఒక్క కాయితం వెళ్ళలేదు. పైవాళ్ళని అడగడం మానేసి మనలో మనం పనికొచ్చేవాళ్ళు, పనికిరానివాళ్ళు అని వరసలు పెట్టుకుంటే ఆఫీసుకి ఎంత సుఖం! కౌన్సిల్ పని మనమే చేసిపెట్టినట్టు.

అందుకే ఆదివారం మీటింగులో నేను స్క్రీనింగ్‌కి వ్యతిరేకంగా చెయ్యెత్తుతా. దాని బదులు నా ప్రతిపాదన రాసిస్తున్నా. ఫండ్‌లో సగంతో ఒక రూం అద్దెకి తీసుకుందాం, ఎవరైనా వచ్చి చదువుకునేలా, రాత్రి పదకొండు దాకా. పుస్తకాలు అక్కడే ఉంటాయి. ర్యాంకొచ్చిన అన్నలు, అక్కలు వారానికి రెండు గంటలు అక్కడ కూర్చుని చెప్పాలి. మిగతా సగంలో కొంత బస్సు చార్జీలకి. ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరేసి పెండింగ్ లెక్కలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాలి. అర్జీలో ఎంతమందికి ఎన్ని నెలలది రావాలి, మెస్‌లో ఏ పూట ఏం తగ్గింది, ఏ సబ్జెక్టుకి ట్యూటర్ లేడు, అన్నీ అంకెలతో రాద్దాం. మూడో వరస మాత్రం అందులో ఉండకూడదు.

మీ హాస్టల్ పెండింగ్ లెక్క శనివారం సాయంత్రం లోపు కింద కామెంట్లో పెట్టండి. పేర్లు వద్దు, హాస్టల్లో ఎంతమంది, ఎన్ని నెలలు, అంతే చాలు. మా హాస్టల్‌ది నేనే మొదట పెడుతున్నా.